నారాయణపేట బస్సులో ఒక దరఖాస్తు

చీరల కోసం నారాయణపేట బయలుదేరినవాణ్ణి చీరల గురించే రాయాలి. కానీ మహబూబ్‌నగర్‌లో ఎక్కిన ఆర్డినరీ బస్సు తప్ప ఆ రోజు నాకేదీ సరిగా గుర్తు లేదు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక మగవాడికి సీటు దొరికితే లాటరీ తగిలినట్టే. డబ్బులిచ్చి టికెట్ కొన్నది నేను, దేవరకద్ర దాకా నిలబడిందీ నేనే. అక్కడ కొందరు దిగాక ఒక పెద్దావిడ "ఇట్ల కూసో బిడ్డా" అని జరిగింది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో జీరో టికెట్టు, మడతలు పడ్డ కాగితాలు.

"సదువొస్తదా?" అంటూ ఒక దరఖాస్తు నా చేతిలో పెట్టింది. కూతురి కులం సర్టిఫికెట్ కోసమట. కుదుపులకు అక్షరాలు గడి దాటిపోతున్నాయి. పేరు, ఊరు, మండలం అయ్యాయి. తండ్రి పేరేంటమ్మా అన్నాను.

"నా పేరే రాయి."

నువ్వు తల్లివి కదా అన్నాను.

"నన్ను ఎల్లమ్మకిడిసిండ్రు బిడ్డా. ఊరి పెద్దలంత వాడుకున్నరు. ఎవ్వని పేరని రాస్తవ్?"

గొంతేమీ తగ్గించలేదు. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. రాశాను.

మాది మిర్యాలగూడ వైపు. చిన్నప్పుడు మాకు కులమంటే హోటల్ చూరులో దోపిన వేరే గ్లాసు. ఇట్లా దేవతకు వదిలేసిన ఆడపిల్లను జోగిని అంటారని పేపర్లో చదవడమే. పాలమూరులో అదీ కులమే, దేవత పేరు తగిలించుకుందంతే. లేకపోతే దాదాపు ప్రతిసారీ మాల మాదిగ ఇళ్ల పిల్లలే ఎందుకు జోగినులవుతారు? దొరల ఇంటి పిల్లను అడగడానికి ఏ ఎల్లమ్మకూ ధైర్యం చాలలేదు.

భాగ్యరెడ్డి వర్మ గుర్తొచ్చారు. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన దళిత నాయకుడు, అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలతో, ఉపన్యాసాలతో వాడల్లోకి వెళ్లారు, బడులు తెరిచారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షుడై, అంటరానివాళ్లని ముద్రేసి మమ్మల్ని 'పంచములు' అనొద్దు, మేం ఆది ఆంధ్రులమన్నారు. మే 22న ఆయన జయంతికి దండలేసేవాళ్లు ఆ సభ గురించి బాగానే మాట్లాడతారు. జోగిని ఆచారం మీద ఆయన చేసిన పోరాటం మాత్రం మైకుల్లో నేను పెద్దగా వినలేదు. నన్నడిగితే అదే కష్టమైన పని. పైకులాలను నిలదీయడం ఒక ఎత్తు, తిండికి లేని తనవాళ్ల గడపలో నిలబడి పిల్లను ఇడవొద్దని చెప్పడం ఇంకో ఎత్తు.

ఆవిడకు చెప్పాను, ఇట్లా ఒకాయన ఉండేవాడని.

"ఏ ఊరాయన?"

"పట్నం. మాలోళ్లే."

"అయితే మావోడే. మరి మా దిక్కు రాలేదా?"

ఆయన 1939లోనే పోయాడనీ, ఈ ఆచారాన్ని నేరం చేసిన చట్టం 1988లో గానీ రాలేదనీ చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది.

"గప్పటికే నన్నిడిసి శానేండ్లాయె," అని కాగితం లాక్కుంది. "ఫోటువ యాడ అంటియ్యాలె?"

పైన కుడివైపు గడి చూపించాను. మరికల్‌లో దిగుతూ కిటికీలోంచి వేలు చూపించింది. "ఆపీసుల వాపసు కొడితే నువ్వే జిమ్మేదారి!"