అమ్మ లైఫ్ సర్టిఫికెట్

ఇవాళ కార్తీక సోమవారం, అమ్మ ఉపవాసం. ఇలాంటి రోజు ఆ లైఫ్ సర్టిఫికెట్ పని, అంటే పెన్షన్ కోసం బతికే ఉన్నానని చూపించే పని, పెట్టుకోవద్దు, నెలాఖరు దాకా గడువుంది కదా అన్నాను. "మీ నాన్న ఒకటో తారీకునే ఇచ్చొచ్చేవారు" అంది. ఇంక నేను నోరెత్తలేదు.

నాన్న రైల్వే గార్డు. 2022లో ఆ పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారని పేపర్లో చదివి, అప్పటికి ఆయన రిటైరై ఎన్నేళ్ళో అయినా సరే, "జెండా ఊపేవాడు మేనేజరేంట్రా" అని మావాడితో చెప్పి ఒకటే నవ్వు. నవంబర్ రాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బ్యాంకుకి నడిచి వెళ్ళేవారు. ఫోన్లోనే అయిపోతుంది నాన్నా అంటే, నేను బతికున్నట్టు ఫోను చెప్పడమేంటి, నేనే వెళ్ళి చెప్తా అనేవారు. వచ్చేటప్పుడు పొట్లం నిండా పునుగులు. పోయినేడు కూడా తెచ్చారు. సంక్రాంతి వెళ్ళిన నెలకి పోయారు. కాబట్టి ఈసారి అమ్మ వంతు, ఫ్యామిలీ పెన్షన్.

పొద్దున పిల్లాడి బాక్సు, కుళాయి నీళ్ళు, నానేసిన బట్టలు, అన్నీ అయ్యేసరికి పదిన్నర. మా విజయవాడ సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలుండేచోట ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డుంది. పట్టాలు తీసేసి ఇంతకాలమైనా మా ఇంట్లో దాన్ని లైను అనే అంటాం. లైను దాటాక ఒక నెట్ సెంటర్ ఉంటే అమ్మని అక్కడికి తీసుకెళ్ళాను. వేలిముద్రలు పడలేదు. బొటనవేలు పెట్టించాడు, చూపుడువేలు పెట్టించాడు, తడిగుడ్డతో తుడిపించాడు, తలకి రాసుకుని పెట్టమన్నాడు, ఊహూ. చివరికి ఆ అబ్బాయే పాపం అమ్మ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసి, "గీతలు అరిగిపోయినాయండీ" అన్నాడు. నేనూ అప్పుడే చూశాను. వేళ్ళ చివర్లు నున్నగా, గులకరాళ్ళలా ఉన్నాయి. గిన్నెలు తోమీ, చింతపండు పిసికీ, బియ్యం కడిగీ అలా అయిపోయాయి. నేను రోజూ చూసే చేతులే మరి.

ఇంటికొచ్చి నా ఫోన్లో మొహంతో చేసే యాప్ వేశాను. ఒకటి కాదు, రెండు యాప్‌లు కావాలట. ముందు నా ఆధార్, నా మొహం అడిగింది, తర్వాత అమ్మది. పీపీఓ నంబరు, అదే పెన్షన్ ఆర్డరు నంబరు, నాన్న కవర్లో దొరికింది, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ముఖ్యం' అని ఆయన రాత. అన్నీ నింపుతుంటే మధ్యలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా, అవునా కాదా అని వచ్చింది. నేను చప్పుడు చేయకుండా కాదు అని నొక్కేద్దామనుకున్నాను, కానీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పక్కనే ఉంది.

"ఒక్కాయనకి వండిపెట్టేసరికే వేలిముద్రలు పోయాయి, ఇంకోడు కూడానా!"

ఇద్దరం ఎంతసేపు నవ్వామో. ఫిబ్రవరి తర్వాత అమ్మ అలా నవ్వడం ఇదే మొదలు.

మొహం తీసే దగ్గరికొచ్చాక మాత్రం ఆగమంది. లోపలికెళ్ళి మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, కొంగు సర్దుకుని వచ్చి కూచుంది. కూచుని, "ఆధార్లో నాకు ఇంత కుంకుమ బొట్టుంటుంది కదే. ఇప్పుడు లేదుగా. అది నన్ను పోల్చుకుంటుందంటావా?" అంది. మామూలుగానే అడిగింది, కరెంటు బిల్లు ఎంతొచ్చిందని అడిగినట్టు. నా నుదుటి మీద స్టిక్కర్ తీసి పెట్టబోయాను. "వద్దులే, ముందు ఇలాగే చూడు."

కళ్ళు ఆర్పమంది యాప్. అమ్మ గట్టిగా మూసుకుంది. మూసుకోవడం కాదమ్మా, ఆర్పాలి అంటే నా వైపు తిరిగి ఆర్పింది. ఫోను వైపే చూస్తూ అంటే నవ్వొచ్చేసింది. నాలుగోసారికి ఆకుపచ్చ టిక్కు పడింది. పోల్చుకుంది.

మెసేజ్ మాత్రం వెంటనే రాలేదు. అయిందో లేదో అని నాకు టెన్షన్, అమ్మకేం లేదు, ఉసిరికాయలు గాట్లు పెడుతూ కూచుంది. సాయంత్రం పునుగులు తెద్దామా అని ఒకసారి అనుకుని మానేశాను.

దీపం పెట్టి తులసికోట దగ్గర నిలబడి ఉండగా ఫోను మోగింది.

"వచ్చిందమ్మా మెసేజ్."

"ఏమంటోంది?"

"ఉన్నావంటోంది."

"ఉన్నాగా, ఆకలేస్తోంది. చుక్క కనపడిందేమో చూడు."