థ్యాంక్స్‌గివింగ్‌కి నేను పట్టుకెళ్లిన చిలగడదుంపలు

అమెరికాలో మన స్టూడెంట్లు ఉండే అపార్ట్‌మెంట్లలో ఓవెన్ అంటే గిన్నెల అలమర. మాదీ అంతే. మూకుడు, రెండు పెనాలు, కుక్కర్ గిన్నెలు, ఎవరో సీనియర్ వదిలేసిపోయిన ఇడ్లీ రేకులు అన్నీ అందులోనే ఉండేవి. కొలంబస్ ఊరికి వచ్చి మూడు నెలలైనా దాన్ని ఒక్కసారీ వెలిగించలేదు.

2022 నవంబరులో మా ప్రొఫెసర్ ఒకావిడ థ్యాంక్స్‌గివింగ్ పండక్కి ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయే స్టూడెంట్లందరినీ భోజనానికి పిలిచారు. థ్యాంక్స్‌గివింగ్ ఎప్పుడూ నవంబరు నాలుగో గురువారమే. ఆ ఏడు 24న వచ్చింది. టర్కీ కోడి, గ్రేవీ మేం చూసుకుంటాం, మీరు తలా ఒక సైడ్ డిష్ తెండి, పన్నెండు మందిమి, అందులో ఒకరు వీగన్ అని మెయిల్ పెట్టారు. వీగన్ అంటే వెన్న, నెయ్యి కూడా కుదరవు. నూనె ఒక్కటే దిక్కు.

అమ్మకి చెబితే క్షణం ఆలోచించకుండా "పులిహోర పట్టుకెళ్లు" అంది. మంచి సలహానే. కానీ ఇంకో ఇద్దరు మనవాళ్లు అప్పటికే పులిహోర, జీరా రైస్ అని పేర్లిచ్చేశారు. అద్దె కట్టాక నా ఖాతాలో మిగిలింది చూసుకుంటే పనీర్ జోలికి వెళ్లే ధైర్యం లేదు. కూరగాయలు ఓవెన్లో కాల్చి తీసుకెళ్దామని అప్పుడే అనుకున్నాను. అమ్మ నవ్వింది. "చిలగడదుంప కాల్చడానికి అంత ఆలోచనా? మీ అమ్మమ్మ పొయ్యి ఆర్పేశాక నివురులో పడేసేది, తెల్లారేసరికి అయ్యేవి" అంది.

పండగ వారంలో ఇక్కడి కొట్లలో దుంపలు చవక. జనాన్ని కొట్టు లోపలికి రప్పించడానికి వీటి ధర తగ్గిస్తారు. చిలగడదుంపలు పౌండు 59 సెంట్లకి దొరికాయి, నాలుగు పౌండ్లు తీసుకున్నాను. రెండు పౌండ్ల క్యారెట్ సంచి రెండు డాలర్లలోపే. మూడు ఎర్ర ఉల్లిపాయలు, రెండు నిమ్మకాయలు. అంతా కలిపి ఏడు డాలర్లు కూడా కాలేదు. అందరూ మెచ్చుకునే బ్రసెల్స్ స్ప్రౌట్స్ కూడా చూశాను. గోలీలంత క్యాబేజీలు. వాటి ధర చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

దుంపల గంపమీద 'యామ్' అని రాసి ఉంది. యామ్ అంటే కంద అని చిన్నప్పుడు చదువుకున్న గుర్తు. కంద ఇంత నున్నగా, నారింజ రంగులో ఉండదే అని నిలబడిపోయాను. నా రూమ్మేట్‌ని అక్కా అని పిలుస్తాను, ఆవిడది కరీంనగర్. "కందగడ్డనే గదా, శివరాత్రికి ఉడకబెట్టుకుంటం" అంది. మా తెనాలి వైపు కంద అంటే దురద పుట్టించే పెద్ద దుంప, బచ్చలికూరతో కలిపి వండేది. వాళ్ల వైపు కందగడ్డ అంటే మా చిలగడదుంప. అమెరికావాళ్లు దాన్ని యామ్ అంటారు. యామ్ అని రాస్తే పక్కనే స్వీట్ పొటాటో అని కూడా రాయాలని ఇక్కడి వ్యవసాయ శాఖ నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో రాస్తారు కాబట్టి నాకు కనబడలేదు.

మంగళవారం సాయంత్రం రిహార్సల్ పెట్టుకున్నాను. గిన్నెలన్నీ బయటికి తీసి, ఓవెన్ ఆన్ చేసి ముక్కలు కోస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకి ప్లాస్టిక్ కాలిన కంపు, ఆ వెంటనే స్మోక్ అలారం. వెనకమూల ఒక డబ్బా మూత మిగిలిపోయింది. కరిగి, కమ్మీల మీంచి తీగలా కిందికి సాగింది. అక్క కుర్చీ ఎక్కి అలారం కింద టవల్ ఊపుతుంటే నేను కిటికీలు తెరిచాను. బయట మంచు పడేంత చలి. ఓవెన్ చల్లారాక ఆ ప్లాస్టిక్‌ని అట్లకాడతో గీకడానికి ముప్పావు గంట పట్టింది. వెలిగించే ముందు టార్చి వేసి చూడండి, నా మాట వినండి.

రెండోసారి మూతలేమీ లేవు కానీ వంట పాడైంది. నేను చేసింది అచ్చంగా మన వేపుడు పద్ధతి. లోతైన అల్యూమినియం ట్రేలో ముక్కలన్నీ గుట్టగా పోసి, ఉప్పు, పసుపు, కారం చల్లి, త్వరగా మగ్గుతుందని పైన ఫాయిల్ కప్పి, 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టాను. యాభై నిమిషాల తర్వాత తీస్తే అడుగున నీళ్లు, పైన మెత్తటి ముక్కలు. పులుసులోంచి ఏరి పెట్టినట్టున్నాయి. రుచి ఫర్వాలేదు. కానీ కాల్చిన వాసన లేదు.

ఎందుకలా అయిందో ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. మూకుడులో అయితే గరిటె తిప్పుతూ ఉంటాం, ఆవిరి ఎప్పటికప్పుడు పైకి పోతుంది. ఓవెన్లో తిప్పేవాళ్లు లేరు. ముక్కలోంచి వచ్చే నీరు పోవడానికి దారి లేకపోతే ముక్క వంద డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉండిపోతుంది, ఉడుకుతుంది తప్ప ఎర్రబడదు. మూత పెట్టి, గుట్టపోసి, ఎత్తు అంచుల ట్రేలో పెట్టి ఆ దారి మూడు రకాలుగా నేనే మూసేశాను.

బుధవారం పక్క బ్లాకులో ఉండే సీనియర్ దగ్గర రెండు పల్చటి బేకింగ్ ట్రేలు అడిగి తెచ్చుకున్నాను. అంచు వేలెడంత కూడా లేదు. ఈసారి 425 డిగ్రీల ఫారెన్‌హీట్. ఖాళీ ట్రేలని ముందే లోపల పెట్టి కాల్చాను. క్యారెట్‌కి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి బొటనవేలంత ముక్కలు, చిలగడదుంప అంతకంటే పెద్దవి. కడిగాక తడి లేకుండా బట్టతో తుడవాలి. ఇది విసుగు పనే కానీ వదిలెయ్యొద్దు. ఒక్కో ట్రేకి మూడు చెంచాల నూనె, ఉప్పు, చేత్తో పట్టించి, వేడి ట్రేమీద ముక్కకీ ముక్కకీ ఎడం ఉండేలా పరిచాను. పరవగానే చుయ్యిమంది. ఆ శబ్దం విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

ఉల్లిపాయ పావుగంట ఆగాక వేశాను, మొదటినుంచీ ఉంటే అంచులు మాడిపోతాయి. జీలకర్ర పొడి, కారం కూడా అంత వేడికి చేదెక్కుతాయని చివరి ఐదు నిమిషాలకి దాచుకున్నాను. మధ్యలో ఒకసారి ముక్కలు తిరగేసి, పై ట్రే కిందికి, కింది ట్రే పైకి మార్చాను. మా ఓవెన్లో మంట కిందినుంచే ఎక్కువ. నలభై నిమిషాలకి అంచులు నల్లగా, లోపల మెత్తగా తేలాయి. అమ్మమ్మ నివురులో కాల్చిన దుంపంత తియ్యగా లేవు, అది నిజం. దుంపలోని పిండి తీపిగా మారాలంటే నెమ్మదిగా వేడెక్కాలి, ఈ మంటకి అంత వ్యవధి ఉండదు. కానీ నిమ్మరసం, కారం పడేదానికి ఈమాత్రం తీపే బావుంది.

అసలు చిక్కు వండటంలో లేదు, తీసుకెళ్లడంలో ఉంది. అక్కడికి వెళ్లాక ఓవెన్లో వేడి చేసుకుందామనుకుంటే ఆ రోజు ఓవెన్ టర్కీది. పొద్దుటినుంచీ అందులోనే ఉంటుంది. అది బయటికొచ్చి, కోసేముందు ఫాయిల్ కింద అరగంట సేద తీరేటప్పుడే మిగతావాటికి చోటు. ఆ అరగంట కోసం రొట్టెలు, స్టఫింగ్ అనే రొట్టెముక్కల వంటకం, పైన మార్ష్‌మాలో మిఠాయి కప్పిన వాళ్ల చిలగడదుంపల వంటకం అన్నీ వరసలో ఉంటాయి. కాబట్టి గోరువెచ్చగా తిన్నా బావుండేలా చేసుకోవడమే మేలనిపించింది. ట్రేమీద ఫాయిల్ బిగించకుండా, చల్లారాక ఒక పేపర్ టవల్ వదులుగా కప్పి తీసుకెళ్లాను. బిగిస్తే మళ్ళీ ఆవిరి, మళ్ళీ మంగళవారం.

పోపు సామాను చిన్న స్టీలు డబ్బాలో వేరుగా. ఆవాలు, నువ్వులు, ఎండుమిర్చి, కరివేపాకు. వాళ్ల స్టవ్ మీద రెండు నిమిషాలు అడిగి తీసుకుని, ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించి (ఒకసారి అలారం చూసినవాళ్లకి ఈ జాగ్రత్త వస్తుంది) పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడగానే హాల్లో మాటలు ఆగాయి. వేడి పోపు ముక్కల మీద పోసి, నిమ్మకాయ పిండి, బల్లమీద పెట్టేశాను.

వీగన్ అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుంది, ఆమె తినగలిగినవి పెద్దగా లేవు పాపం. ప్రొఫెసర్ భర్త కరివేపాకు నములుతూ ఇది ఏ ఆకని అడిగారు. ఏరి పక్కన పెట్టేస్తామని చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పలేదు.

పులిహోర గిన్నె నాకంటే ముందే ఖాళీ అయింది. అమ్మకి ఆ సంగతి ఫోన్లో చెబితే ఇంకేమీ అడగలేదు.

పళ్ళెంలో పట్టని ఒక గుప్పెడు ముక్కలు ఇంట్లోనే ఉంచాం. రాత్రి చారన్నంలో నంజుకున్నాం. అక్క ఆ నల్లటి క్యారెట్ ముక్కలే ఏరుకు తింది. మర్నాడు సీనియర్‌కి ట్రేలు తోమి ఇచ్చేశాను. మూకుడు, పెనాలు, ఇడ్లీ రేకులు మళ్ళీ ఓవెన్లోకే వెళ్లాయి.