ఇద్దరు స్పాకులు, చివరి పేజీలు లేని పుస్తకం

మా బడి సంచికకి ఏదైనా రాయమన్నారు. మాస్టార్ల గురించి, ఆటల గురించి ఎలాగూ అందరూ రాస్తారు, నేను చివరి పేజీలు చిరిగిపోయిన ఒక పుస్తకం గురించి రాస్తానన్నాను. "రాయి, కానీ సాగదీయకు" అన్నారు. చూద్దాం.

లైబ్రరీ గదిలో కిటికీ పక్క బీరువా గుర్తుందా? పై అరల్లో నిఘంటువులు, మహనీయుల జీవిత చరిత్రలు. వాటికి మాత్రం తాళం. కింది అరకి తలుపే సరిగ్గా పడేది కాదు. ఎవరో ఇచ్చేసిన పాత ఇంగ్లీషు పేపర్‌బ్యాకులు అక్కడ కుక్కి ఉండేవి. వాటిలో ఐదారు స్టార్ ట్రెక్ నవలలు. అవి అంతరిక్ష యాత్రల గురించిన ఒక అమెరికన్ టీవీ సీరియల్ మీద రాసినవన్న సంగతి కూడా మాకు తెలియదు. మా బ్యాచ్‌లో ఆ సీరియల్ చూసినవాడు ఒక్కడూ లేడు. కెప్టెన్ కిర్క్, మొనదేలిన చెవుల స్పాక్, ఎప్పుడూ ఎవరో ఒకరి మీద విసుక్కునే డాక్టర్ మెకాయ్, వీళ్లందరి ముఖాలూ మేమే చేసుకున్నాం. నా స్పాక్ మా లెక్కల సార్ గొంతుతో మాట్లాడేవాడు. చాలా ఏళ్లకి అసలు సీరియల్ చూసినప్పుడు, స్క్రీన్ మీద ఉన్నాయన నకిలీ అనిపించాడు.

నేను మొదట తీసింది 'స్పాక్ మస్ట్ డై!'. అట్ట సగం ఊడి, వెన్నుకి అంటించిన కాగితం పసుపెక్కి, లోపలి స్లిప్పు మీద ఏ తేదీ ముద్రా లేకుండా ఉంది. అంటే నాకంటే ముందు దాన్ని ఎవరూ తీసుకెళ్లలేదన్నమాట. రాసింది జేమ్స్ బ్లిష్. సీరియల్ 1966 సెప్టెంబర్ 8న మొదలై, మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచి 1969లో ఆగిపోయింది. బ్లిష్ 1967 నుంచే దాని స్క్రిప్టులు దగ్గర పెట్టుకుని ఎపిసోడ్లని కథలుగా మారుస్తూ వచ్చాడు. స్క్రిప్టు చూసి రాసినవి కాబట్టి టీవీలో వచ్చినదానికీ ఆ కథలకీ అక్కడక్కడా పొంతన కుదరదు. ఈ నవల మాత్రం 1970లో ఆయన సొంతంగా అల్లింది.

మొదటి పేజీల్లోనే మెకాయ్‌కి ఒక అనుమానం పట్టుకుంటుంది. ట్రాన్స్‌పోర్టర్ అనే యంత్రం మనిషిని ఇక్కడ విడగొట్టి అక్కడ మళ్లీ కూరుస్తుంది కదా, మరి అక్కడ లేచి నిలబడినవాడు ఇక్కడి నుంచి వెళ్లినవాడేనా? లేక వెళ్లినవాడు చచ్చిపోయి, వాడిలాంటి మరొకడు తయారయ్యాడా? ఇంగ్లీషు సగం అర్థం కాకపోయినా ఈ ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ యంత్రం ఎందుకు పుట్టిందో తర్వాతెప్పుడో తెలిసి నవ్వొచ్చింది. వారం వారం ఒక కొత్త గ్రహం మీద అంతరిక్ష నౌక దిగినట్టు చూపించడానికి టీవీ వాళ్ల దగ్గర డబ్బు లేదు. మెరుపులు చూపించి మనుషుల్ని మాయం చేసి ఇంకోచోట తేల్చడం చవక. ఖర్చు తగ్గించుకోవడానికి వేసిన ఎత్తు అది. దాన్నే పట్టుకుని ఒక నవలాకారుడు ఆత్మ ఉందా లేదా అనేదాకా వెళ్లాడు. ఈ నవలల్లో నాకు నచ్చేది ఇదే. టీవీ దాటవేసి వెళ్లిపోయిన చోట ఇవి ఆగి కూర్చుంటాయి.

మర్నాడు సైన్స్ పీరియడ్‌లో పుస్తకం డెస్కు కింద పెట్టుకుని చదువుతూ దొరికిపోయాను. సార్ తీసుకుని అట్ట చూసి, "ఏరా, ఏముంది ఇందులో?" అన్నారు. టెన్షన్‌లో ఏం చెప్పాలో తోచక మెకాయ్ ప్రశ్నే అడిగేశాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. తిడతారనుకున్నాం. "వచ్చినవాడు వాడో కాదో నాకు తెలీదు గానీ, వాడు కూడా హోంవర్క్ చేయాల్సిందే" అని పుస్తకం తిరిగి ఇచ్చేశారు. క్లాసంతా నవ్వు. ఆ రోజు నుంచి హోంవర్క్ చేయనివాడిని "నువ్వు ఏ కాపీవిరా?" అని అడగడం మాలో అలవాటైపోయింది.

ఇక కథ. ఓడ ఇంజనీరు స్కాటీ ఆ యంత్రంలో కొత్త మార్పేదో చేసి స్పాక్‌ని దూర గ్రహానికి పంపబోతే, ఓడలో ఇద్దరు స్పాకులు మిగులుతారు. ఇద్దరికీ అవే జ్ఞాపకాలు, అదే తెలివి. ఇద్దరిలో ఒకరు చావక తప్పదు. ఎవరు నకిలీ? 1970 నాటి పుస్తకం కాబట్టి గుట్టు విప్పినా పాపం రాదనుకుంటాను. ఒక స్పాక్ ల్యాబ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటాడు. వాడు అద్దంలో ప్రతిబింబం లాంటివాడు. కుడి ఎడమలే కాదు, ఒంట్లోని అణువులు కూడా తిరగబడ్డాయి. మామూలు తిండి వాడి ఒంటికి పట్టదు. అందుకే తనకి సరిపడే అమైనో ఆమ్లాలు తానే తయారు చేసుకుంటున్నాడు.

అప్పుడు ఇది నాకు ముక్క అర్థం కాలేదు. తర్వాత కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మేడమ్ బోర్డు మీద రెండు బొమ్మలు గీశారు. అవే పరమాణువులు, అవే బంధాలు, కానీ కుడి చేతి తొడుగు ఎడమ చేతికి పట్టనట్టు ఒకదాని మీద ఒకటి కూర్చోవు. మన ప్రొటీన్లు కట్టేవి దాదాపు అన్నీ ఎడమచేతి వాటం ఎల్-అమైనో ఆమ్లాలే అని ఆవిడ అంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. అదిగో, తలుపేసుకున్న స్పాక్! బ్లిష్ మైక్రోబయాలజీ చదివినవాడని ఆ తర్వాత తెలిసింది. ఆ పాఠం పాఠ్యపుస్తకంలోంచి రాలేదు నాకు, బీరువా కింది అరలోంచి వచ్చింది.

ఈ నవలలన్నీ గొప్పవని నేననను. కొన్ని బొత్తిగా చప్పగా ఉంటాయి. ఏం జరిగినా ఆఖరి పేజీకల్లా అందర్నీ ఎక్కడివాళ్లని అక్కడ కూర్చోబెట్టాలి, వచ్చే వారం ఎపిసోడ్‌కి అడ్డం రాకూడదు. ఆ కట్టుబాటులోనే కొందరు చిత్రాలు చేశారు. టీవీలో ఓడ నడిపే సులూకి మొదటి పేరే లేదు. వోండా మెకింటైర్ 1981లో రాసిన 'ది ఎంట్రపీ ఎఫెక్ట్'లో హికారు అని పెట్టింది. పదేళ్లకి 1991లో వచ్చిన సినిమాలో అదే పేరు పలికారు. నవలల్లో జరిగింది అధికారికంగా లెక్కలోకి రాదంటారు, కానీ ఆ పేరు మాత్రం ఇంట్లోకి వచ్చేసింది. అలాగే హోర్టా అని ఒక రాతి జీవి. 1967 ఎపిసోడ్‌లో ఒకాయన దుప్పటిలాంటి వేషం కప్పుకుని నేలమీద పాకుతాడు పాపం. డయేన్ డ్యుయేన్ 1984 నవలలో ఆ జాతి పిల్లవాడొకడు ఏకంగా కిర్క్ ఓడ ఎంటర్‌ప్రైజ్‌లో ఆఫీసరుగా చేరిపోతాడు. పేరు నరాత్. కాగితం మీద వేషానికి ఖర్చేముంది?

తర్వాత వచ్చిన స్టార్ ట్రెక్ సీరియళ్లు ఒక్కొక్కటీ ముగిశాక నవలలకి పగ్గాలు వదిలారు. 2001 నుంచి కథలు నిజంగానే ముందుకి నడిచాయి, పెళ్లిళ్లయ్యాయి, చావులయ్యాయి. 2020లో కొత్త సీరియల్ వచ్చి వేరే దారి పట్టింది. దాంతో 2021లో మూడు నవలలు రాసి ఇరవై ఏళ్ల ఆ కథాలోకాన్ని మూసేశారు. ఆ మూడూ కొన్నాను. ఇంకా తెరవలేదు.

చివరి పేజీల సంగతి చెప్పలేదు కదూ. మా లైబ్రరీ కాపీలో ఆఖరి కాగితాలు లేవు. నకిలీ ఎవరో తెలిసింది, ఇద్దరూ తలపడ్డారు, అక్కడితో సరి. నా బెంచీ మిత్రుడికి చెబితే తేల్చిపారేశాడు. "తర్వాతి పుస్తకంలో స్పాక్ ఉన్నాడు కదరా, ఇంకేంటి డౌటు?"

"ఉన్నది నకిలీవాడైతే?" అన్నాను.

వాడు నోరు తెరిచి మూసుకున్నాడు. ఆ ఏడాదంతా కింది అరలోని మిగతా నవలలు ఇద్దరం వంతులవారీగా చదివాం, స్పాక్ ఎక్కడైనా అందరితో కూర్చుని తింటున్నాడా లేదా అని గాలిస్తూ. ఒక పుస్తకంలో ఒక్కసారి కూడా తినలేదు. రెండు రోజులు మాకు కంటిమీద కునుకు లేదు.

చాలా ఏళ్లకి పాత పుస్తకాల్లో పూర్తి కాపీ ఒకటి దొరికింది. నిలబడే ఆఖరి పేజీలు చదివి వాడికి ఫోన్ చేశాను. అసలువాడే గెలిచాడ్రా అన్నాను. "నేను తొమ్మిదో తరగతిలోనే చెప్పాను" అన్నాడు. చెప్పాడు, ఒప్పుకుంటాను. అయినా ఇప్పటికీ ఏ నవల్లోనైనా స్పాక్ భోజనాల బల్ల దగ్గరికి వస్తే, వాడు ఏమంటున్నాడో వినకుండా ముందు కంచం వైపు చూస్తాను.