తొంభై తొమ్మిదింటిని ఎవరు చూసుకున్నారు?

ఒకప్పుడు మా నర్సరీ క్లాసులో ఏ ప్రశ్న అడిగినా ఒకటే జవాబు: "యేసయ్య!" ఓడ ఎవరు కట్టారు? యేసయ్య. ఈ బొమ్మ ఎవరు విరగ్గొట్టారు? యేసయ్యే. నవ్వొచ్చేది గానీ తప్పు పిల్లలది కాదు. కథ ముగిసీ ముగియకముందే "దీంట్లో మనం ఏం నేర్చుకున్నాం?" అని వాళ్ల మీద పడేదాన్ని. టీచరుకు ఏ జవాబు కావాలో నాలుగేళ్ల పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఆ ప్రశ్న మానేశాను. (మానడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది.) ఇప్పుడు కథ చెప్పి, బొమ్మలు కింద పెట్టి, పక్కకు జరుగుతాను.

పోయిన వారం తప్పిపోయిన గొర్రె కథ. బైబిల్లో లూకా సువార్త 15లో గొర్రెలు వంద; ఒకటి తప్పిపోతే కాపరి మిగతా తొంభై తొమ్మిదింటినీ విడిచి దాన్ని వెతకడానికి వెళ్తాడు. మా దగ్గర చెక్కవి ఆరే, అందులో ఒకటి కుంటిది. ఒక పాప ఆ కుంటిదాన్ని పుస్తకాల అర కింద దాచి, తనూ దాని పక్కనే నక్కింది. కాపరి పిల్లాడు లెక్కపెట్టాడు, ఐదు దగ్గర ఆగాడు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. వెతకడానికి రెండడుగులు వేసి వెనక్కి చూశాడు.

"మరి వీటిని ఎవరు చూసుకుంటారు?"

పదేళ్లుగా ఈ కథ చెబుతున్నాను. అడవిలో విడిచిపెట్టిన ఆ తొంభై తొమ్మిది సంగతి నాకు ఒక్కనాడూ తట్టలేదు.

వాడు బ్లాకులు తెచ్చి వాటి చుట్టూ దడి కట్టాడు. పొడుగువి అయిపోతే, రెండు పొట్టివి కలిపి ఒక పొడుగుదానికి సరిపెట్టాడు. అయినా ఒకచోట సందు మిగిలింది. కాసేపు చూసి, ఆ సందులో తానే కూర్చున్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది, కుంటిదాన్ని తేవాలిగా! పక్కన ఊరికే నిలబడ్డ ఇంకో పిల్లాణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు. "నువ్వు తలుపు. కదలొద్దు."

యోహాను 10లో ప్రభువు ద్వారం తానేనని చెప్పిన మాట నా గొంతులోకి వచ్చింది. మింగేశాను. చెప్పి ఉంటే ఆట అక్కడితో ఆగిపోయి, ముగ్గురూ చేతులు కట్టుకుని నా వైపు తిరిగేవాళ్లు. ఆ వాక్యం ఎక్కడికీ పోదు, ఇంకో రోజు చదువుకుంటాం.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. రోములో సోఫియా కవల్లెట్టి 1954లో మొదలుపెట్టిన బోధనలోనూ పిల్లలు మంచి కాపరినీ గొర్రెలనూ చెక్క బొమ్మలతో తామే కదుపుతారు.

"ఎప్పుడు చూసినా ఆటేనా మేడమ్, అక్షరాలెప్పుడు?" అని అడిగే తల్లిదండ్రులకు నేను ఆ బ్లాకులే చూపిస్తాను. కరోలిన్ ప్రాట్ అనే టీచరమ్మ తయారుచేసిన కొలత అది: మందానికి రెండింతలు వెడల్పు, వెడల్పుకు రెండింతలు పొడవు. అందుకే రెండు సగాలు కలిస్తే ఒకటవుతుందని వాడి చేతికి ముందే తెలిసింది. నోవహు ఓడ ఎత్తు 30 మూరలని చెప్పి వరండాలో కొలవమన్న రోజు ఇంకా గొడవైంది. పిల్లల మూర ఒకచోట ఆగింది, నా మూర గోడ దాటిపోయేట్టుంది. "నోవహు చెయ్యి ఎంత పొడుగు టీచర్?" అన్నారు. పొడవు 300 మూరల దాకా మేం వెళ్లలేదు.

చర్చిలో ఒక పెద్దాయన మాత్రం ఆట వేరు, భక్తి వేరు అన్నారు. ఆయనకు జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ సంగతి చెప్పాను. కిండర్‌గార్టెన్ అనే పేరు 1840లో పెట్టింది ఫ్రోబెలే, స్వయానా పాస్టరుగారబ్బాయి. ఉన్ని బంతులూ చెక్క ఘనాలూ పిల్లల చేతికిచ్చి, వాటిలో దేవుని సృష్టిలోని క్రమం కనబడుతుందని నమ్మిన మనిషి. 1851లో ప్రష్యా ప్రభుత్వం ఆ బడులను నాస్తికత్వం నేర్పుతున్నాయంటూ నిషేధించింది. 1860లో నిషేధం ఎత్తేసేనాటికి ఆయన లేరు. పెద్దాయన "ఊఁ" అన్నారు. ఒప్పుకున్నారో, విసుక్కున్నారో తెలియలేదు.

అలాగని అంతా వాళ్లకే వదిలేయను. ఏ రోజు ఏ సామాను బయటపెట్టాలన్నది నా పని. దావీదు గొల్యాతును రాయితో కొట్టే కథ రోజున బ్లాకులు బీరువాలోనే ఉండాలని ఒక నుదుటి మీది బొప్పి నాకు నేర్పింది.

ఇంతకీ ఆ గొర్రె దొరికింది. కాపరీ పాపా అర కిందే విందు మొదలుపెట్టారు, కుంటిదాన్ని మధ్యలో నిలబెట్టి. సర్దుకునే వేళైంది, అందరూ చేతులు కడుక్కోవడానికి పరుగెత్తారు. దడి దగ్గర ఒకడు మాత్రం అలాగే కూర్చుని ఉన్నాడు.

"రా నాన్నా, టైమైంది."

"నేను తలుపు కదా టీచర్," అన్నాడు. "వాడు ఇంకా రాలేదు."