మల్లిగాడి తాడు ఎక్కడ విప్పాలి?

మల్లిగాడికి ఇప్పుడు మూడేళ్లు. ఊరకుక్కే, జాతి గీతి ఏం లేదు, ఒక ముసురు రోజు మా గల్లీలో మోరీ పక్కన వణుకుతూ దొరికాడు. పొద్దున బెల్టు పట్టుకుని రెండు గల్లీలు తిప్పుకొస్తే వాడికి ఏమాత్రం సరిపోదు. ఇంటికొచ్చి చెప్పులు కొరుకుతాడు, రాత్రి పదకొండుకు డాబా మీద ఆ మూల నుంచి ఈ మూలకు ఉరుకుతాడు, కింద కిరాయికున్నవాళ్లు తెల్లారి మొహం మాడ్చుకుని కనపడతారు. వాడికి కావాల్సింది నడక కాదు, ఉరుకుడు.

నల్లగొండలో కుక్కను వదిలి ఉరికించే జాగా ఎక్కడుందని ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు. హైదరాబాద్ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లోనే కుక్కల కోసం పార్కు తెరిచింది, కానీ మనకది దాదాపు వంద కిలోమీటర్లు. నేను మొదట ఒక గ్రౌండ్‌కు తీసుకుపోయాను. పొద్దున ఐదింటికి ఎవరూ ఉండరనుకున్నా, అప్పటికే సగం ఊరు అక్కడ రౌండ్లు కొడుతోంది. మల్లిగాడు ఒకామె దగ్గరికి తోకూపుకుంటూ పోతే ఆమె కేకలు పెట్టింది. ఆమెను ఏమంటాం? 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాడి ప్రాణం తీసిన వీడియో చూడనివాళ్లు లేరు. "ఏం చెయ్యదమ్మా, మంచిది" అని మనం దూరం నుంచి అరిస్తే ఎవరికి ధైర్యం వస్తుంది? పైగా మన కుక్క వల్ల మనిషికి ముప్పు రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదంటే రెండూ. సరే, గ్రౌండ్ బంద్.

తర్వాత పానగల్లు దిక్కు పడ్డాం. ఉదయ సముద్రం కట్ట మీద గాలి బాగుంటుంది, చూపు పారినంత దూరం ఖాళీ, ఇంకేం కావాలనుకుని బెల్టు తీసేశా. (నీళ్లలోకి మాత్రం దింపలేదు, నల్లగొండ తాగే నీళ్లవి.) పది నిమిషాలకు గొర్లమంద ఎదురొచ్చింది. మల్లిగాడు కరవలేదు, ఆటనుకుని వెంటబడ్డాడంతే, కానీ మంద చెల్లాచెదురై ఒక గొర్రెపిల్ల కట్ట రాళ్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంది. నేను గొంతు పోయేలా పిలుస్తున్నా వాడు వెనక్కి కూడా చూడలేదు. డబ్బులిచ్చాను. గొర్లాయన తీసుకుని, కర్ర భుజానేసుకుని ఒకటే మాటన్నాడు: "కుక్కది తప్పు గాదు సారూ. పిలిస్తే రానిదాన్ని ఇడిసినవు సూడు, అదీ తప్పు."

ఆ మాటతో జాగా వెతకడం ఆపి, పిలిస్తే రావడం నేర్పాను. బోరు పడ్డాక అటక మీద పారేసిన పాత చేంతాడు దించి, ముప్పై అడుగులది, మెడకు కాకుండా ఛాతీ పట్టీకి కట్టాను. ఉడికించిన కోడి కార్జం ముక్కలు జేబులో. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెబుతా: మొదట్లో పిలిచిన ప్రతిసారీ బెల్టు కట్టి ఇంటికి లాక్కెళ్లేవాణ్ని, దాంతో "రా" అంటే ఆట అయిపోయిందని వాడికి అర్థమైంది, ఇక ఎందుకొస్తాడు? పిలవాలి, ముక్క పెట్టాలి, మళ్లీ వదలాలి. పదిసార్లు అలా చేసి పదకొండోసారి కట్టాలి. రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు మా జాగా తెలిసినాయన పొలం. యాసంగి వరి కోసిన దగ్గర్నుంచి వానాకాలం నాట్ల దాకా ఖాళీ. హార్వెస్టర్ పోయిన వెంటనే దింపకండి, కొయ్యకాళ్లు సూదుల్లా ఉంటాయి, పాదాలకు, కళ్లకు గుచ్చుకుంటాయి. గడ్డి కట్టలు కట్టి, పశువులు మేసి తొక్కాక నయం. ఎండాకాలం ఏడు దాటితే వద్దు, మన అరచేయి నేల మీద ఆనించలేకపోతే వాడి కాళ్లూ ఆగవు. గట్టు దగ్గర ఒరలేని బావి ఉందేమో మీరే ముందు నడిచి చూసుకోవాలి. అన్నిటికంటే ముందు రైతునడగాల్సింది అడవిపందులకు చుట్టుపక్కల ఎవరైనా కరెంటు తీగ పెట్టారా అని. పెట్టకూడదు, అయినా పెడతారు. మనుషులే పోతున్నారు, కుక్కెంత. ఇంటికొచ్చాక చెవుల్లో గోమార్లు, వేళ్ల సందుల్లో పల్లేరు కాయలు తీయడానికి అరగంట.

మొన్న ఆయనే ఫోన్ చేశాడు. "దమ్ము చేసిన, సన్నాలు పెడుతున్న, కార్తీకం దాకా మల్లిగాణ్ని తేకు." ఇంకో జాగా చూసుకోవాలి, దేవరకొండ రోడ్డు వైపు బీడు పడ్డ చెలక ఒకటి ఉందంటున్నారు, ఆదివారం ఒక్కణ్నే పోయి బావులున్నాయేమో చూసొస్తా. చేంతాడు మాత్రం మళ్లీ అటకెక్కించలేదు.