ఎడమ పక్కే ఎందుకు?

పదకొండు నెలలు నా ముక్కు ఎడమ పక్కే కారింది. కుడి పక్క శుభ్రంగా ఉండేది. ఆ తేడా నేనూ పట్టించుకోలేదు, మొదట చూసిన డాక్టరూ అడగలేదు. యాంటీబయాటిక్ వేసుకున్న నాలుగో రోజుకి చీము తగ్గేది, కోర్సు అయిన రెండు వారాలకి మళ్లీ మొదలు. వంగితే చెంప ఎముక వెనక బరువుగా లాగేది. అన్నిటికన్నా ఆ వాసన! కుళ్లు వాసన, పక్కవాళ్లకి తెలియదు, నన్ను మాత్రం నిద్రలోనూ వదిలేది కాదు.

నాలుగు కోర్సులయ్యాక వేరే ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. "ఒక్క పక్కేనా?" అని ఆవిడ మొదటే అడిగారు. వెంటనే సీటీ స్కాన్ రాశారు. పై పళ్ల వేళ్లలో చీము పట్టినా ఇలాగే ఉంటుందని అదీ చూశారు. పళ్లు బాగానే ఉన్నాయి. చెంప వెనక సైనస్, అంటే ఎముకలో ఉండే గాలి గది మాత్రం పూర్తిగా నిండి, మధ్యలో సున్నం చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. అది ఫంగస్ ఉండ, అంటే బూజు ముద్ద.

ఫంగస్ బీజాలు గాలితో పాటు అందరి ముక్కుల్లోకీ వెళ్తాయట. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వాళ్లు వెతికితే దీర్ఘకాలపు సైనస్ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఫంగస్ దొరికింది, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ దొరికింది. అంటే ఉండటమే జబ్బు కాదు. నా సైనస్‌లో అది బయటికి పోలేక, పోగులు పోగులుగా అల్లుకుని గట్టి ఉండ కట్టింది. దారి మూసుకుపోయి నిలవున్న శ్లేష్మంలో బాక్టీరియా చేరింది. నేను మింగిన మాత్రలు ఆ బాక్టీరియా మీదే పనిచేశాయి. ఫంగస్‌ని యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. ఉండ ఉన్నన్నాళ్లూ చీము తిరిగి రావడం ఖాయం. ఇది తెలిశాక ఆ నాలుగు కోర్సులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ముక్కులోంచే కెమెరా పెట్టి సైనస్ ద్వారం వెడల్పు చేసి తీసేశారు. తర్వాత సీసాలో చూపించారు: తడి మట్టిలా, ఆకుపచ్చా గోధుమరంగూ కలిసి, వేలితో నొక్కితే పొడుమయ్యేలా ఉంది. బయాప్సీలో అది ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ అనీ, లోపలి పొరలోకి చొచ్చుకుపోలేదనీ వచ్చింది. అందుకే ఫంగస్‌ని చంపే మాత్రలు అవసరం రాలేదు.

కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి రోజూ ముక్కు కడుక్కున్నాను. కుళాయి నీళ్లు నేరుగా వాడొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు. మూడు వారాలు నల్లటి పక్కులు వచ్చాయి. నాలుగో వారం ఒక పొద్దున నీళ్లు తేటగా పడ్డాయి. చాలాసేపు సింకు దగ్గరే నిలబడిపోయాను.