యాంజియోగ్రామ్ అయ్యాక నేను పాటించిన జాగ్రత్తలు

ట్రెడ్‌మిల్ టెస్టులో తేడా కనిపించిందని డాక్టర్ గారు యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నాయేమో చూసే టెస్టు) రాశారు. టెన్షన్ అంతా ఆ టెస్టు గురించే పడ్డాను. తీరా అది త్వరగానే అయిపోయింది. స్టెంటు (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) అక్కర్లేదు, మందులు చాలన్నారు. అసలు జాగ్రత్తలన్నీ వార్డులోకి వచ్చాకే మొదలయ్యాయి.

నాకు కుడి మణికట్టు దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి చేశారు. అక్కడ గాలి నింపిన ప్లాస్టిక్ బ్యాండు బిగించారు. కుట్లేమీ ఉండవు, రక్తనాళానికి పడిన చిల్లు మూసుకునేదాకా ఆ ఒత్తిడే ఆధారం. సిస్టర్ మధ్యమధ్యలో వచ్చి సిరంజితో కొంచెం గాలి తీసేది, రక్తం చెమరుస్తోందేమోనని వంగి చూసేది, నా వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో పట్టుకుని చూసేది. "అమ్మా, ఆ చెయ్యి ఆనించి లేవకండి" అని వచ్చినప్పుడల్లా చెప్పేది. పక్క బెడ్డు పెద్దాయనకి తొడ దగ్గర నుంచి చేశారు. పాపం, కాలు వంచకుండా గంటల తరబడి వెల్లకిలా పడుకున్నారు.

టెస్టులో రక్తనాళాలు ఎక్స్‌రేలో కనబడేందుకు ఎక్కించిన డై కిడ్నీల నుంచే బయటికి పోవాలి కాబట్టి నీళ్లు బాగా తాగమన్నారు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి. నాకు షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్ర 48 గంటలు ఆపి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకున్నాకే వేసుకోమన్నారు. ఇది అందరికీ ఒకేలా ఉండదు, కిడ్నీల పనితీరును బట్టి చెబుతారు. డిశ్చార్జికి ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఆస్పిరిన్ మాత్రం ఆపొద్దన్నారు.

ఇంటికొచ్చాక చెయ్యి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, చిక్కంతా అక్కడే. నీళ్ల బిందె, నిండు కుక్కర్ మా ఆయనే ఎత్తారు. చపాతీ పిండి కలపడం, బట్టలు పిండటం కొన్నాళ్లు మానేశాను. స్కూటీ తీయలేదు. మణికట్టు చుట్టూ నీలంగా కమిలి, తర్వాత పసుపు రంగులోకి మారి తగ్గిపోయింది. అది మామూలేనట.

వాపు పెరుగుతున్నా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కిపట్టాలి. ఆగకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయడమే. ఇదంతా మా అబ్బాయికి, ఆయనకి ముందే చెప్పి ఉంచాను.

యాంజియోగ్రామ్ సీడీ, రిపోర్టు అడిగి తీసుకోండి. రేపు ఏ గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అడిగేవి అవే.